బ్రేక్ వేస్తే హ్యాండిల్ దగ్గర 'టక్' మంటోందా?



పిల్లలు సైకిల్ మీద స్కూలుకి వచ్చే ఇళ్లలో ఈ ఆదివారం ఒక పది నిమిషాలు దీనికి కేటాయించండి. టైర్లలో గాలి, బ్రేకులు అందరూ చూస్తారు. హ్యాండిల్ తిరిగే చోట ఉండే బేరింగులను మాత్రం దాదాపు ఎవరూ పట్టించుకోరు. ఫ్రేముకి ముందున్న పొట్టి గొట్టానికి పైనా కిందా కప్పులు, వాటిలో చిన్న స్టీలు గుండ్లు ఉంటాయి. ఘర్షణ పాఠంలో మీ పిల్లలు చదివే బాల్ బేరింగులు ఇవే. ఈ అమరికంతటినీ కలిపి హెడ్‌సెట్ అంటారు (ఫోన్‌కి పెట్టుకునేది కాదు!).

ఇది వదులైతే బ్రేక్ వేసినప్పుడల్లా ముందు ఫోర్కు కొట్టుకుంటుంది, హ్యాండిల్ వణుకుతుంది. అలాగే నడిపితే గుంతల రోడ్ల దెబ్బలకు కప్పుల్లో సొట్టలు పడతాయి.

ముందు బ్రేక్ గట్టిగా పట్టుకుని సైకిల్‌ని ముందుకూ వెనక్కూ ఊపండి. రెండో చేతి వేళ్లు కింది కప్పు, ఫోర్కు కలిసే చోట ఉంచండి. అక్కడ కదలిక తగిలితే హెడ్‌సెట్ వదులైనట్టే. వేళ్లకు ఏమీ తగలకుండా టక్‌మంటే లోపం బ్రేకులోనో చక్రం ఇరుసులోనో ఉండొచ్చు. చక్రాన్ని పైభాగంలో పట్టుకుని పక్కలకు ఊపితే ఇరుసు సంగతి తేలిపోతుంది.

తర్వాత ముందు చక్రం పైకెత్తి హ్యాండిల్‌ని మెల్లగా తిప్పండి. పట్టేసినట్టు తిరిగితే మరీ బిగించారన్నమాట. అదీ మంచిది కాదు, సైకిల్ వంకర్లు పోతుంది. నిటారుగా ఉన్నచోట గాడిలో పడ్డట్టు ఆగితే కప్పులు పాడైనట్టు. వాటిని మార్పించాల్సిందే.

మామూలు సైకిళ్లలో పైనున్న లాక్ నట్టు వదులు చేసి, దాని కింది కప్పును ఊగు పోయేదాకా చేత్తోనే తిప్పండి. ఆ కప్పును ఒక స్పానరుతో కదలకుండా పట్టుకుని, ఇంకోదానితో లాక్ నట్టు బిగించండి. బిగించేటప్పుడు కొంచెం తేడా వస్తుంది, రెండు మూడుసార్లు చేయాల్సి రావడం మామూలే.

చాలా గేర్ సైకిళ్ల తీరు వేరు. హ్యాండిల్‌ని పట్టుకునే స్టెమ్‌కి పక్కన రెండు అలెన్ బోల్టులు, పై మూత మీద ఒకటి ఉంటాయి. పక్క బోల్టులు వదులు చేయకుండా పై బోల్టును ఎంత తిప్పినా ఊగు పోదు. సగం బిగించి వచ్చే ఆన్‌లైన్ సైకిళ్ల విషయంలో ఎక్కువమంది తికమకపడేది ఇక్కడే. ముందు పక్కవి వదులు చేసి, పైదాన్ని కొద్దికొద్దిగా బిగించి, హ్యాండిల్‌ని చక్రానికి సూటిగా పెట్టి, చివరగా పక్కవి రెండూ సమంగా బిగించాలి. అవి బిగించకుండా సైకిల్ పిల్లల చేతికి ఇవ్వకండి: హ్యాండిల్ తిరిగినా చక్రం తిరగకపోవచ్చు.

షాపులో కప్పులు మార్పిస్తే ఈ రెండు పరీక్షలూ అక్కడే చేసి చూశాకే డబ్బులివ్వండి. బేరింగు తిరగేసి పెట్టినా, కప్పు వంకరగా కూర్చున్నా ఒకవైపు వదులు, ఇంకోవైపు బిగుతుగా తెలుస్తుంది.