తుడిచే చెయ్యి, నిమిరే చెయ్యి

చెల్లాయ్, మా అమ్మ తుంటి ఎముక విరిగి మంచాన పడ్డ రోజుల సంగతి నీకెప్పుడూ చెప్పలేదు కదూ? ఒళ్లు తుడవడానికి ఒక ఆయాను పెట్టుకున్నాం. వేణ్ణీళ్లలో తువ్వాలు ముంచి, గట్టిగా పిండి, వీపూ చేతులూ తుడుస్తుంటే అమ్మ కిమ్మనేది కాదు. రెండో రోజు ఆ పిల్ల పని ముగించి, ప్రేమగా అమ్మ చెంప నిమిరి "తగ్గిపోతుందిలే అమ్మా" అంది. అమ్మ మొహం గోడవైపు తిప్పేసుకుంది. అంత బెట్టు దేనికా అని నాకు కష్టంగా తోచింది.

ఈమధ్య కోడీ అనే రోబో గురించి చదివాక అమ్మ అర్థమైంది. అమెరికాలో, అట్లాంటాలోని జార్జియా టెక్ వాళ్లు తయారుచేసిన నర్సు రోబో అది. 2011లో వెలువడిన వాళ్ల పరిశోధనలో 56 మంది ముంజేతిని తాకి, తుడిచింది. కొందరితో శుభ్రం చేస్తున్నానంది, మిగతావాళ్లతో ఊరడింపుగా మాట్లాడింది. చెయ్యి కదిలిన తీరు మాత్రం ఒక్కటే. అయినా శుభ్రం చేస్తోందనుకున్నవాళ్లకే ఆ స్పర్శ ఎక్కువ నచ్చింది. తుడవడానికి పని తెలిస్తే చాలు, నిమరడానికి చనువుండాలి. మా అమ్మ చేసిందీ అదేగా!

ఇంకో సంగతి. తాకబోతున్నానని ముందే చెప్పినప్పటికన్నా, చెప్పకుండా తాకినప్పుడే జనానికి నయమనిపించిందట. సూది వేసేముందు "కదలకండమ్మా" అనగానే మన భుజం బిగుసుకుపోదూ, అలాగేమో. కానీ మంచాన ఉన్న మనిషిని ఒక్క మాటైనా చెప్పకుండా తాకడానికి నా మనసొప్పదు. ఎవరెన్ని లెక్కలు చూపినా సరే.

కౌగిలింతల మీద 2019లో అచ్చయిన పరిశోధన మాత్రం నాకెంతో నచ్చింది. అందులో 30 మందిని ఒక పెద్ద రోబో కావలించుకుంది. ఒళ్లు మెత్తగా, వెచ్చగా ఉండి, మనిషి వదలగానే తనూ వదిలేస్తే వాళ్లకు ఎక్కువ హాయిగా ఉందట. ఆ వదిలెయ్యడం చూశావూ, చాలామంది మనుషులకే చేతకాదు.

మూడు నెలలు గడిచేసరికి ఆ ఆయా చెయ్యి పట్టుకుంటేగానీ అమ్మకు నిద్రపట్టేది కాదు. మొన్న కోడీ సంగతి చెబితే అమ్మ కాసేపు ఆలోచించింది.

"ఒళ్లు తుడిస్తే తుడవనీవే. జడ మాత్రం ఆ పిల్లనే వెయ్యమను."