మన ఇంటి ముందు కాలిబాట

పిల్లలూ, మీ ఇంటి ముందు సైడ్‌వాక్ ఎవరిది? "సిటీది టీచర్!" అంటారు కదా. మరి దాన్ని బాగుగా ఉంచాల్సింది ఎవరు? సియాటిల్‌లో అయితే, దాన్ని ఆనుకుని ఉన్న ఇంటివాళ్ళే. ఊరి చట్టంలోనే అలా ఉంది.

మన ఊళ్ళల్లో వీధి ఎవరి సొంతమూ కాదు. అయినా పొద్దున్నే అమ్మమ్మలు ఇంటి ముందు ఊడ్చి, కళ్ళాపి చల్లి, ముగ్గు వేస్తారు. ఇది కూడా కొంచెం అలాంటిదే. ముగ్గు ఒక్కటే తక్కువ!

సియాటిల్ చలికాలమంటే ఎక్కువగా వానే. మంచు తక్కువ. అందుకే చాలా ఇళ్ళల్లో మంచు తీసే పార కూడా ఉండదు. కానీ 2019 ఫిబ్రవరిలో, ఆ ఒక్క నెలలోనే, విమానాశ్రయం దగ్గర 20 అంగుళాల మంచు పడింది. సిటీ బళ్ళు ముందుగా పెద్ద రోడ్లు తీస్తాయి. కాలిబాట మన పనే.

"పగలు కరిగిపోతుందిలే" అనుకుంటాం. చిక్కంతా అక్కడే. పగలు కాస్త కరిగిన నీళ్ళే రాత్రి గడ్డకడతాయి. పొద్దున చూస్తే తడి నేలలాగే ఉంటుంది. కాలు పెట్టామా, జర్రున జారుతాం.

ఈ దేశం వచ్చిన కొత్తల్లో నేనేం చేశానో చెప్పనా? మంచు పడగానే, కళ్ళాపి చల్లినట్టు బకెట్టుడు వేడినీళ్ళు పోశాను. మంచు చక్కగా కరిగింది. నాకు ఎంత గర్వమో! తెల్లారేసరికి అదంతా గాజుపలక అయింది. పక్కింటి పెద్దావిడ వాకర్ పట్టుకుని వచ్చారు. మా ఇంటి దగ్గర ఆగారు. మెల్లగా రోడ్డు మీదికి దిగి, కార్ల పక్కనుంచి నడిచి వెళ్ళారు. నన్ను ఒక్క మాట కూడా అనలేదు. కిటికీలోంచి చూస్తున్న నాకు తల కొట్టేసినట్టయింది.

అందుకని నీళ్ళు వద్దు. జనం తొక్కి గట్టిపడకముందే మంచును పారతో ఎత్తెయ్యాలి. తర్వాత కొంచెం ఉప్పు చల్లాలి. ఉప్పునీరు మామూలు నీళ్ళంత త్వరగా గడ్డకట్టదు. చలి మరీ ఎక్కువ లేని ఊళ్ళల్లో ఇది బాగా పనిచేస్తుంది. గుప్పెళ్ళు గుప్పెళ్ళు పోస్తే మాత్రం మొక్కలు చచ్చిపోతాయి. తీసిన మంచు రోడ్డు మీదికి నెట్టకండి. వీధి మూలలో వీల్‌చైర్ దిగే వాలు ఉంటుంది చూడండి, అక్కడ అస్సలు పొయ్యకండి.

మంచు లేని రోజుల్లోనూ పని ఉంటుంది. మేపుల్ ఆకులు వానకి తడిస్తే అవీ జారుడే, ఊడ్చెయ్యాలి. చెట్టుకొమ్మలు కాలిబాటకి 8 అడుగుల పైన, రోడ్డుకి 14 అడుగుల పైన ఉండాలి. మన చెట్టు వేరు కాలిబాట పలకని పైకి లేపితే, బాగుచేయించాల్సింది కూడా మనమే.

కొత్త మాటలు
కాలిబాట – మనుషులు నడిచే దారి
కళ్ళాపి – వాకిట్లో చల్లే పేడనీళ్ళు
వాలు – ఏటవాలుగా ఉన్న చోటు
(మంచు అనే మాట జాగ్రత్త! ఆకాశంనుంచి పడేదీ మంచే, పొద్దున కమ్ముకునే పొగమంచూ మంచే.)

మీ పని
1. వేడినీళ్ళు పోస్తే ఏమైంది? ఎందుకు? రెండు వాక్యాల్లో రాయండి.
2. మీ ఊళ్ళో కాలిబాట ఎవరు బాగుచేస్తారు? నాన్నగారిని అడిగి రాయండి.
3. అమ్మమ్మకో నాయనమ్మకో ఫోన్ చెయ్యండి. వాళ్ళ వాకిలి ఎక్కడిదాకా ఊడుస్తారో అడగండి. వాళ్ళు చెప్పిన మాటల్లోనే రాసుకురండి.