ఎర్ర మూత, నారింజ మూత

చి. బంగారుతల్లికి, పెద్దమ్మ ఆశీర్వదించి రాయునది.

ఫోన్‌లో గట్టిగా చెప్పాను, నువ్వు "సరే పెద్దమ్మా" అన్నావు. ఆ సరే నాకు చాల్లేదు. అందుకే కాగితం తీశాను.

షుగర్ వచ్చిన నీ పిల్లి పండుకి రెండు పూటలా ఇన్సులిన్ నువ్వే వేస్తున్నావని తెలిసి పొంగిపోయాను. ధనుర్వాతం సూదికి మంచం కిందకి దూరిన పిల్లవి నువ్వు. కానీ మొన్నటి మెసేజ్ చివర ఒక ముక్క రాశావు చూడు, సిరంజిలు అయిపోతే కింద షాపులో ఎర్ర మూతవి ఇచ్చారని! ఇంకా పాకెట్టు విప్పలేదన్నావు, బతికించావు. ఇవ్వాళే వెనక్కి ఇచ్చెయ్.

ఎందుకో చెబుతాను, ఓపిగ్గా చదువు. పండుకి రాసిచ్చింది గ్లార్జిన్. అది యూ-100, అంటే ఒక మిల్లీలీటరులో 100 యూనిట్ల మందు ఉంటుంది. నారింజ మూత సిరంజి మీద గీతలు ఆ లెక్కకే గీసినవి. ఎర్ర మూతది యూ-40 సీసాకి. మన దగ్గర ఆ 40 సీసాలు ఇప్పటికీ ఊరూరా దొరుకుతాయి, ధర తక్కువ. అందుకే ఇన్సులిన్ సిరంజి అనగానే షాపు అబ్బాయి అలవాటుగా ఎర్ర మూత చేతిలో పెడతాడు. నీ మందుని అందులో 2 గీత దాకా లాగావనుకో, పండు ఒంట్లోకి వెళ్లేది 5 యూనిట్లు. రెండున్నర రెట్లు! నాలుగు కిలోల ప్రాణి తల్లీ అది.

రేపెప్పుడైనా డాక్టరుగారు జంతువులకని తయారయ్యే కెనిన్సులిన్‌కి మార్చారనుకో, అది యూ-40. అప్పుడు ఎర్ర మూతే కావాలి. దానికి నారింజ సిరంజి వాడితే మందు సగం కూడా అందదు. షుగర్ దిగడం లేదని డోసు పెంచుతారు. ఆ తర్వాత ఎవరో సరైన సిరంజి తెచ్చిన రోజున అసలు ప్రమాదం. కాబట్టి మందు మారితే సిరంజీ మారాలి, డోసు డాక్టరుగారు మళ్లీ చెప్పాలి.

నేను నర్సింగ్ చదివే రోజుల్లో గాజు సిరంజి మీద రెండు వరుసల గీతలుండేవి, ఒక పక్క 40కి, ఇంకో పక్క 80కి. వార్డులో రెండు రకాల సీసాలూ ఉండేవి. మా సిస్టరుగారు మందు లాగే ముందు సీసా మీది అంకె, గీతల పక్కనున్న అంకె పైకి చదివించేవారు. అర్ధరాత్రి డ్యూటీలోనూ అంతే. సూదుల్ని మేమే రాతి మీద సానపట్టి, ఉడకబెట్టి వాడేవాళ్లం. అలాంటి సూదులతో తాతయ్య తొడ ఎలా గట్టిపడిపోయిందో నువ్వూ చూశావుగా. ఇప్పుడు నీ చేతిలో ఉన్న సూది వెంట్రుకంత సన్నం, పండుకి తెలియను కూడా తెలియదు. ఎక్కడికో వెళ్లిపోయాను. ఆ వార్డుకే ఒక సాయంత్రం ఒక పెద్దాయన్ని నులకమంచం మీద మోసుకొచ్చారు. ఒళ్లంతా చెమట, మాట లేదు. కొడుకు పక్క వరుస గీతలు చూసి మందు లాగాడు. గ్లూకోజు ఎక్కించాక కళ్లు తెరిచి ఆయన అన్న మొదటి మాట, "వాణ్ణి తిట్టకండి". ప్రేమగా చూసుకునే కొడుకే తల్లీ. చదివి చూసుకోలేదు, అంతే. నువ్వు కూడా పైకి చదువు. ఇంట్లో ఒక్కదానివే ఉన్నా సరే, పండుకి వినిపించేలా చదువు.

సూది వేసేటప్పుడు పండు కదిలాడు, బొచ్చు తడిసింది, మళ్లీ వెయ్యనా అని అడిగావు కదా. వద్దు. అనుమానం ఉంటే ఆ పూటకి వదిలెయ్. ఒక పూట షుగర్ ఎక్కువైతే నీళ్లు ఎక్కువ తాగుతాడు, ఎక్కువసార్లు పోస్తాడు. ఒక పూట బాగా పడిపోతే ప్రాణం మీదికొస్తుంది. మర్చిపోయిన డోసుని తర్వాతి డోసుతో కలిపి వెయ్యడమూ వద్దు. తిండి ముట్టకపోయినా, తిన్నది కక్కేసినా, సూది వెయ్యకముందే డాక్టరుగారికి ఫోన్ చెయ్.

పండు తూలుతున్నా, వణుకుతున్నా, పిలిస్తే చూడకపోయినా చిగుళ్లకి తేనె రాసి ఆసుపత్రికి పరిగెత్తు. గొంతులో పొయ్యకు, ఊపిరితిత్తుల్లోకి పోతుంది. నాకుతాడులే అని గిన్నెలో పెట్టి కూర్చోకు, పిల్లి నాలుకకి తీపి తెలియదు.

దిగులు పెట్టుకోకు. చాలా పిల్లులకి వచ్చేది మన రెండో రకం షుగర్ లాంటిదే. మొదట్లోనే అదుపులోకి తెస్తే కొన్నిటికి ఇన్సులిన్ అవసరమే లేకుండా పోతుంది. అయితే ఆ మార్పు చెప్పి రాదు, నిన్నటి డోసే ఇవ్వాళ ఎక్కువైపోతుంది. అందుకే చెవి అంచున రక్తం చుక్క తీసి ఇంట్లోనే షుగర్ చూడటం నేర్చుకో. ఆసుపత్రిలో భయానికే పిల్లికి షుగర్ పెరుగుతుంది, ఆ అంకె ఒక్కటే చూసి డోసు తేల్చలేరు. మనుషుల మీటరు పిల్లి రక్తానికి కాస్త తక్కువ చూపించవచ్చు, ఏ మీటరుతో చూశావో డాక్టరుగారికి చెప్పు. అంకె చూసి నీ అంతట నువ్వు డోసు మార్చకు. మీ అమ్మ వచ్చినప్పుడు వాడికి పెరుగన్నం కలపనివ్వకు. మాంసం తినే జీవికి అన్నం దేనికి? ఆవిడ నా మాట వినదు, నీ మాట వింటుంది.

వాడేసిన సూదులు గట్టి ప్లాస్టిక్ డబ్బాలో వేసి మూత బిగించి, పశువుల ఆసుపత్రిలోనే ఇచ్చెయ్. చెత్త తీసుకెళ్లే ఆవిడకీ పిల్లలున్నారు.

పండుని వదల్లేక సంక్రాంతికి రానంటున్నావట. ఎందుకు వదలడం, బుట్టలో పెట్టుకుని రా. మందు ఐసులో పెట్టి తెస్తే దానికి గుడ్డ చుట్టు, ఐసు నేరుగా తగలకూడదు, గడ్డకట్టిందంటే పారెయ్యాల్సిందే. నువ్వు అలిసిపోయి వస్తావు, ఆ నాలుగు రోజులూ పొద్దుటి సూది నేను వేస్తాను, నువ్వు పడుకో. సిరంజిలు మాత్రం అక్కడే కొనుక్కుని రా. మా వీధి షాపులో అడిగొచ్చాను, అన్నీ ఎర్ర మూతవే.

ఇట్లు,
మీ పెద్దమ్మ