బోర్డో మిశ్రమం: సున్నం తగ్గితే ఆకు మాడుతుంది

మామిడి కోతలు అయిపోయాక, జూన్, జూలై నెలల్లో ఎండు పుల్లలు తీయించి బోర్డో మిశ్రమం కొట్టించడం మంచి పద్ధతి. పక్షికన్ను తెగులు, కొమ్మ ఎండు తెగులు అదుపులో ఉంటాయి. అయితే మందు కొట్టిన కొద్ది రోజులకే కొన్ని తోటల్లో లేత ఆకుల అంచులు మాడి, చిగురు నల్లబడుతుంది. మందు కల్తీదని అనుకుంటాం. చాలాసార్లు లోపం కలపడంలోనే ఉంటుంది. చాట్రాయి చుట్టుపక్కల రైతు సోదరులు ఈ కింది సంగతులు గమనించాలి.

రాగి ఎందుకు మాడుస్తుంది?

మైలుతుత్తంలో ఉన్నది రాగి. చెట్టుకైనా, పశువుకైనా రాగి కొద్దిగా కావాలి, ఎక్కువైతే విషం. కణంలో విడిగా తిరిగే రాగి, అక్కడ సహజంగా పుట్టే హైడ్రోజన్ పెరాక్సైడును విరగ్గొట్టి ఘాటైన పదార్థాన్ని తయారు చేస్తుంది. అది దగ్గరున్న కొవ్వును, మాంసకృత్తులను పాడు చేస్తుంది. దీన్నే ఆక్సీకరణ నష్టం అంటారు. నిలవ నూనె కంపు కొట్టడం కూడా ఆక్సీకరణ వల్లే.

అందుకే కణాలు రాగిని ఊరికే వదలవు. పెప్టైడులనే చిన్న మాంసకృత్తు గొలుసులతో పట్టి ఉంచుతాయి. గ్లూటాథయోన్, ఫైటోకెలేటిన్లు ఇలాంటివే. వీటిలోని గంధకం రాగిని గట్టిగా పట్టుకుంటుంది. కట్టేసిన ఎద్దు పొలం పాడు చేయదు గదా! కానీ పలుపు వదులైతే కట్టినా పొడుస్తుంది. అలాగే రాగిని వదులుగా పట్టే పెప్టైడుల దగ్గర నష్టం ఆగదు.

శిలీంధ్రం చచ్చేదీ ఈ రాగి వల్లే. కాబట్టి రాగి ఒక్కసారిగా కాక, కొద్ది కొద్దిగా విడుదల కావాలి. బోర్డో మిశ్రమంలో సున్నం చేసే పని ఇదే. ఫ్రాన్సులో మిలార్డే అనే శాస్త్రజ్ఞుడు 1885లో ద్రాక్షకు దీన్ని సిఫారసు చేశాడు.

కలిపే పద్ధతి (1 శాతం)

1. మైలుతుత్తం 1 కిలో 50 లీటర్ల నీటిలో కరిగించాలి. ప్లాస్టిక్ తొట్టి గానీ, మట్టి బాన గానీ వాడాలి. ఇనుప పాత్ర పనికిరాదు.
2. తాజా రాయి సున్నం 1 కిలో వేరే తొట్టిలో విరగబెట్టి, 50 లీటర్లు చేసి వడగట్టాలి. గాలి తగిలి పొడైన పాత సున్నం వద్దు.
3. తుత్తం నీళ్లను సున్నం నీళ్లలో నెమ్మదిగా పోస్తూ కర్రతో కలపాలి.
4. తళతళలాడే ఇనుప కత్తిని మిశ్రమంలో ఒక నిమిషం ముంచాలి. కత్తికి ఎర్రగా రాగి పట్టిందంటే విడి రాగి మిగిలి ఉన్నట్లే. రంగు పట్టనంత వరకు సున్నం నీళ్లు కలపాలి.
5. అదే రోజు వాడేయాలి. వేరే పురుగు మందులు కలపరాదు. పులుపు గుణం ఉన్న మందు కలిస్తే రాగి విడివడి ఆకు మాడుతుంది. పూత మీద, ముసురు పట్టి ఆకు ఆరని రోజుల్లో కొట్టరాదు.

కొమ్మ కోసిన చోట పూయడానికి తుత్తం 1 కిలో, సున్నం 1 కిలో, నీళ్లు 10 లీటర్ల చొప్పున పేస్టు చేసుకోవాలి.

గొర్రెలు జాగ్రత్త

మందు పడిన గడ్డిలో గొర్రెలను మేపరాదు. గొర్రె రాగిని త్వరగా బయటికి పంపలేదు. కాలేయంలో మాంసకృత్తులు దాన్ని పట్టి దాస్తాయి. ఆ చోటు నిండాక రాగి ఒక్కసారిగా రక్తంలోకి వచ్చి ఎర్ర కణాలను పగలగొడుతుంది. మూత్రం ఎర్రబడి, కళ్లు పచ్చబడి, రెండు మూడు రోజుల్లోనే గొర్రె చనిపోవచ్చు. అప్పటిదాకా జబ్బు పైకి కనపడదు. కనుక గట్టి వానలు పడి కొత్త గడ్డి వచ్చేదాకా మందను తోలవద్దు. కాపరులకు ముందే చెప్పాలి. మిగిలిన మందును చెరువులో పోస్తే చేపలు చస్తాయి.

రాగి భూమిలో కుళ్లి పోయేది కాదు, ఏటా పేరుకుంటుంది. ఐరోపా దేశాల్లో 2019 నుంచి 7 ఏళ్లకు హెక్టారుకు 28 కిలోల రాగి మించరాదని నిబంధన ఉంది. మనం కూడా తెగులును బట్టి, అవసరమైనంతే వాడాలి. సందేహం ఉంటే నూజివీడు మామిడి పరిశోధన స్థానం శాస్త్రవేత్తలను అడగండి. కత్తి పరీక్షకు పైసా ఖర్చు లేదు, మరిచిపోవద్దు.