అటకమీది అనర్పితము

షట్‌స్థలములలో మూడవదియగు ప్రసాదిస్థలమునకు అవధానభక్తి లక్షణముగా చెప్పబడినది. భక్తస్థలమున శ్రద్ధ, మహేశస్థలమున నిష్ఠ కుదిరిన పిమ్మట సాధకునకు అలవడవలసినది ఈ అవధానము. తాను అనుభవింపబోవు ప్రతి పదార్థమును ముందుగా ఇష్టలింగమునకు అర్పించి, ప్రసాదముగా మరల గ్రహించువాడు ప్రసాది. అర్పించుటకు ముందు ఆ పదార్థమును ఎరిగి యుండవలెను. తన చేతిలో ఏమున్నదో తెలియనివాడు అర్పించునదేమి? వీరశైవ గృహములలో విస్తరిలో మెతుకు విడువరాదని పిల్లలకు చిన్ననాడే నేర్పుటకు మూలము ఇదియే.

అయితే ఈ అవధానము చాల ఇండ్లలో విస్తరిని దాటి పోవుట లేదు. మెతుకు విడువని గృహస్థును అటకమీద ఏమున్నదని అడిగినచో తడుముకొనును. వెనుకగదిలోని ట్రంకుపెట్టె తాళపుచెవి ఎక్కడున్నదో ఇంటిలో ఒక్కరికిని తెలియదు. అర్పించి వాడుకొనుచున్న వస్తువు గృహస్థునకు ప్రసాదము. జంగమునకు, ఆర్తునకు ఇచ్చినది దాసోహము. తాను వాడక, ఒరులకు ఈయక, ఉన్నదన్న సంగతియే మరచి మూలబెట్టినది ఈ రెంటిలో దేనికిని చెందదు. దానిని అనర్పితమనుటయే న్యాయము.

నెల్లూరునకు తూర్పున, పెన్నకును సముద్రమునకును చేరువనున్న ఇందుకూరుపేట ప్రాంతపు పాత ఇంటి నొకదానిని తలచుకొన్నచో సంగతి స్పష్టమగును. మొలగొలుకుల వడ్లు పండిన రోజులలో కట్టిన ఇల్లు అది. నాడు పంట ఇంటికి వచ్చెడిది. కావున గాదెలు, పురి కట్టు వెంట్లు, కుంచములు, చేటలు, కోతల నాడు కూలిజనమునకు వండు గుండిగలు అన్నియు అవసరములే. నేడు కోతయంత్రము పొలములోనే వడ్లు రాల్చుచున్నది. పుట్టికి 850 కిలోల లెక్కన అక్కడనే బేరము ముగిసి లారీ కదలుచున్నది. గింజ ఇల్లు చేరుట లేదు గాని, గింజకై ఏర్పడిన సామాను మాత్రము ఇల్లు విడుచుట లేదు. దానిపై పెట్రోమాక్సు దీపము, కిరసనాయిలు స్టవ్వు, టేపురికార్డరు, పాత టెలివిజను పెట్టె, చదువులకై నెల్లూరికిని ఉద్యోగములకై బెంగుళూరికిని అమెరికాకును వెళ్ళిన పిల్లల పుస్తకములు పొరలు పొరలుగా చేరినవి. ఇంట మిగిలినది వృద్ధదంపతులు. నాలుగు గదులలో మూడు సామానుకే చెల్లినవి. ఇంటికి వచ్చిన జంగమునకు కూర్చుండ చోటు చూపుటకు కుర్చీమీది మూటను మంచముమీదికి మార్చవలసి వచ్చుచున్నది.

దాచుకొనుటను తప్పుపట్టుటకు ముందు దాని కారణమును గౌరవింపవలెను. ఈ తీరము 1927 నవంబరు తుఫానును చూచినది. 2004 డిసెంబరు 26న సునామీని చూచినది. 2021 నవంబరులో పెన్న పొంగి ఊళ్ళమీదికి వచ్చుటను చూచినది. గాలివానకు ఒకసారి ఇంటికప్పు పోయినవారు పాత తడికను, త్రాటిని, తాటిదూలమును పారవేయరు. లేమిలో పెరిగిన తల్లి ఖాళీ డబ్బాను కడిగి దాచుట లోభము కాదు, జాగ్రత్త. కాని జాగ్రత్తకును ఒక కొలత యున్నది. ఆపద వచ్చిన రాత్రి చేతికి అందినదే జాగ్రత్త. లాంతరు వెదకుటకు అరగంట పట్టినచో ఆ లాంతరు లేనట్లే. నీరు గడప దాటునప్పుడు దస్తావేజుల పెట్టెమీద పది పెట్టెలున్నచో ముందుగా తడియునది దస్తావేజులే.

ఈ విషయమున ప్రమాణముగా నిలువదగినవారు ఆయ్దక్కి మారయ్య, లక్కమ్మ దంపతులు. బసవేశ్వరుని కాలమున, 12వ శతాబ్దిలో, కల్యాణమునకు చేరిన ఈ శరణుల కాయకము నేలరాలిన బియ్యము ఏరుకొనుట. కన్నడమున ఆయ్దక్కి యనగా ఏరిన బియ్యమే. నెల్లూరు మాగాణివారికి దీనిని విడమరచి చెప్పనక్కరలేదు. కోసిన మళ్ళలో పరిగె ఏరుకొనుటను ఎరుగనివారు అక్కడ లేరు. ఏరినదానిని వండి దాసోహము చేసి, ప్రసాదమును గ్రహించుట వారి నిత్యవిధి. ఒకనాడు మారయ్య అలవాటుకు మించిన బియ్యము తెచ్చెను. లక్కమ్మ చూచినంతనే గుర్తించెను. ఈ ఆశ తమకేల యని భర్తను మందలించి, అధికమైనదానిని తెచ్చినచోటనే పోసి రమ్మని పంపెను.

ఈ కథను ఆశారాహిత్యమునకు దృష్టాంతముగా చెప్పుట పరిపాటి. అందులోని మరి రెండు సంగతులను గమనించువారు తక్కువ. దినమునకు ఎంత కావలెనో ఆమె చేతికి తెలియును. ఆ ఎరుక లేనిచో అధికము వచ్చినను అధికమని తెలియదు. రెండవది, ఆమె ఆ బియ్యమును పెంటమీద పోయలేదు, దాని చోటికి దానిని పంపినది. ఇల్లు తేలికపరచుకొనవలెనని నేడు బయలుదేరువారు ఎక్కువగా మరచుచున్నది దీనినే. వదలించుకొనుట వేరు, చేర్చుట వేరు.

చేర్చుటకు తీరిక కావలెను. కావుననే ఈ పని కొంచెము కొంచెముగా జరుగవలెను. జపానుదేశపు మారీ కోండో ఇల్లు సర్దుటను గురించి వ్రాసి లోకప్రసిద్ధి పొందినది. ఇల్లంతయు ఒకే పట్టున తేల్చివేయవలెనని ఆమె మతము. చిన్న నగరగృహములలో, ఒక్కరి వస్తువులు ఒక్కరివైనచోట, అది చెల్లునేమో. మూడు తరముల సామాను, ముగ్గురు అన్నదమ్ముల వాటా కలిసియున్న పల్లెటింట చెల్లదు. అవధానము కుప్పమీద నిలువదు. సంక్రాంతికి వచ్చిన కొడుకు రెండు దినములలో ఇల్లు ఖాళీ చేయబూనినచో జరుగునదేమో ఊహించుట కష్టము కాదు. పాత సామానులవాని బండిమీద ఇత్తడితో పాటు తాతగారి చేతివ్రాత పుస్తకమును పోవును. కొడుకు తిరిగి వెళ్ళిన పిమ్మట తల్లి నెలదినములు వెలితిపడి తిరుగును.

దినమునకు ఒక్క వస్తువు చాలును. ఉదయపు లింగపూజ ముగిసిన తరువాత, ఫలహారమునకు ముందు, ఒక్కదానిని చేతిలోనికి తీసికొనవలెను. ఇది వాడుకలో ఉన్నదా, లేనిచో ఎవరికి చెందవలసినది అని విచారించి, ఆ దినముననే దాని చోటు నిర్ణయింపవలెను. నిర్ణయము తోచనిచో తిరిగి పెట్టి వేయవచ్చును. మరల చేతికి వచ్చునాటికి తోచును. సంవత్సరమున మూడువందలకు పైబడిన వస్తువులు ఈ విధమున చేతిమీదుగా పోవును. మొదట మమకారము లేనివానితో ఆరంభించుట మేలు: గడువు తీరిన మందులు, పగిలిన ప్లాస్టిక్కు, మూతలు లేని సీసాలు. వీనిని పంటకాలువలో వేయుట మాత్రము పాపమే. ఒక ఇంటి చెత్త తూములో అడ్డుపడి పదిమంది చేలు మునుగుచున్నవి.

కాగితములకు వేరుగా కొన్ని దినములు కేటాయింపవలెను. కరెంటు బిల్లులు, పెండ్లి శుభలేఖలు, పాత పంచాంగములు సులభముగా తొలగును. శిస్తు రశీదులు, భాగపరిష్కారపు పత్రములు, 1984లో కరణాల వ్యవస్థ రద్దగుటకు పూర్వపు అడంగలు నకళ్ళు మొదలగునవి చదువకుండ తొలగింపరాదు. 2020 డిసెంబరులో ఆంధ్రప్రదేశమున భూముల రీసర్వే ఆరంభమైనప్పుడు ఇటువంటి కాగితముల విలువ చాలమందికి తెలిసివచ్చినది. వానిని ఒకే సంచిలో, నీరు చొరని కవరులో, అటకమీద గాక చేయి అందు ఎత్తులో ఉంచవలెను.

గతించినవారి వస్త్రముల విషయమున తొందర కూడదు. భర్త పంచెలను పెట్టెలో ఉంచుకొన్న వృద్ధురాలిని కోడలుగాని కుమార్తెగాని ప్రశ్నింపరాదు. ఆమెయే ఒకటి తీసి ఇచ్చుదినము వచ్చును. రాకపోయినను లోపము లేదు. చీరలు, దుప్పట్లు మాత్రము పెట్టెలో పుష్కరము దాచి చీకిన తరువాత ఇచ్చుటకంటె గట్టిగానున్నప్పుడే ఈయవలెను. చలికాలమున ఈయని దుప్పటి చిమ్మెటలపాలు.

ఇచ్చట దాసోహమను మాటను గురించి ఒక హెచ్చరిక అవసరము. తనకు పనికిరానిదానిని మఠమునకు పంపి దాసోహము చేసితిననుకొనుట మోసము. తుమకూరు సిద్ధగంగామఠమున శివకుమారస్వాములు (1907–2019) అన్నము, అక్షరము, ఆశ్రయము అను త్రివిధదాసోహమును వేలకొలది విద్యార్థులకు నడపిరి. ఆ మఠమునకు రైతులు సమర్పించినది తాము తిను ధాన్యమే. తాము విసర్జించినది కాదు. కాలు విరిగిన బల్లను వడ్రంగిచేత బాగుచేయించి ఇచ్చినచో అది దానము. విరిగినదానిని విరిగినట్లే దింపి పోవుట మఠమును తన అటకగా చేసికొనుట. నలుగురికి వండు గుండిగలు, గంగాళములు మఠపు వంటశాలలకు తగినవి. ముందుగా అడిగి, కళాయి వేయించి పంపవలెను. సందర్భము వచ్చినది కనుక మఠములను గూర్చియు ఒక మాట. సన్మానపు శాలువలు, పటములు, జ్ఞాపికలు గదులు నిండియున్న మఠములు లేకపోలేదు. గృహస్థులకు అపరిగ్రహమును బోధించు పీఠమున ఈ గదుల తలుపులు తెరచుట బోధకంటె ముందు జరుగవలసిన పని.

గ్రంథముల కథ వేరు. పాల్కురికి సోమనాథుని బసవపురాణపు పాత ముద్రణలు, పారాయణపు ప్రతులు, అరుదుగా తాళపత్రములు ఇట్టి ఇండ్లలో బయటపడవచ్చును. చెదలు పట్టిన ఆకులను ఎండలో పరచుట, నూనె పూయుట తెలియనివారు చేయరాదు. తాళపత్రములను తిరుపతి శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయపు ప్రాచ్యపరిశోధన సంస్థవంటి చోట తెలిసినవారికి చూపవలెను. పాత అచ్చుపుస్తకములకును, పత్రికలకును 1918లో వెలసిన వేటపాలెము సారస్వత నికేతనమువంటి గ్రంథాలయములున్నవి. ఇంటికి ఒక ప్రతి చాలును. నాలుగు ప్రతులున్న ఇంట మూడు చదువరులను కోల్పోయినట్లే.

చివరకు మిగులునవి లింగసంబంధమైన వస్తువులు. ఇష్టలింగము దీక్షనాడు అంగమును చేరి, సమాధివేళ ఎడమచేత నుంచబడి అంగముతోనే పోవును. మనుష్యునివెంట పోవునది అదొక్కటే. దానిని ధరించిన వెండి లింగకాయలు కొన్ని ఇండ్లలో తరతరములవి మిగిలి, నగలపెట్టె అడుగున గుడ్డలో కట్టియుండును. వానిని వెండిగా తూచి అమ్ముటకు మనసొప్పదు, మెడను వేసికొనువారును ఉండరు. గురువునకు చూపి, మెరుగుపెట్టించి, దారము మార్చి, ఆ ఇంట లింగదీక్ష పొందబోవు మనుమనికిగాని మనుమరాలికిగాని కట్టవచ్చును. ఆ ఇంట పిల్లలు లేనిచో కొనుటకు శక్తిలేని వేరొక ఇంటి పిల్లకు ఈయదగును. ఎవరి లింగకాయ ఎవరికి చేరినదో ఒక చీటిమీద వ్రాసి, దస్తావేజుల సంచిలోనే ఉంచవలెను.