బీట వెనక కారణం పట్టే ఇంజినీర్లు

డాలస్ చుట్టుపక్కల ఫ్రిస్కోలోనో ప్లేనోలోనో ఇల్లు కొనుక్కున్న తెలుగువాళ్లకు ఈ తంతు కొత్త కాదు. జులై, ఆగస్టు ఎండలకు పునాది పక్కన నేల నెర్రెలిస్తుంది. పడకగది తలుపు ఫ్రేముకు పట్టేస్తుంది. ద్వారం మూల నుంచి గోడ మీద ఏటవాలుగా సన్నటి బీట పాకుతుంది. అక్కడి బంకమన్నుది మన నల్లరేగడి గుణమే: తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే కుంచించుకుపోతుంది. దాని మీద పరిచిన కాంక్రీటు స్లాబు కూడా దాంతోపాటే కదులుతుంది. అయితే ఈ ఇంట్లో, ఈ గోడ మీద, ఈ బీట ఎందుకొచ్చింది? మరమ్మతు ఖర్చు ఎవరిది? యజమానిదా, బిల్డరుదా, బీమా కంపెనీదా? ఇది తేల్చడానికి ఆధారమయ్యే కారణాన్ని తన సంతకం, ముద్ర వేసి చెప్పేవాడే ఫోరెన్సిక్ స్ట్రక్చరల్ ఇంజినీరు. అమెరికాలో సివిల్ ఎం.ఎస్. చేస్తున్న మన పిల్లల చూపు ఎక్కువగా డిజైన్ ఉద్యోగాల మీద ఉంటుంది, అది కుదరకపోతే ఐటీ వైపు మళ్లుతుంది. ఈ దారిని కూడా ఒకసారి చూడమని చెప్పడానికే ఈ వ్యాసం.

పని ఎలా ఉంటుందో ఆ డాలస్ ఇంట్లోనే చూద్దాం. ఇంజినీరు ముందు జిప్‌లెవెల్ అనే పరికరంతో ఇల్లంతా తిరిగి నేల ఎత్తుపల్లాలు కొలుస్తాడు. దాని సూత్రం మన మేస్త్రీలు వాడే నీళ్ల ట్యూబుదే. ఆ అంకెలన్నీ ప్లాను మీద వేస్తే ఇల్లు నడుమ ఎత్తుగా, అంచుల్లో పల్లంగా కనిపించిందనుకుందాం. చిక్కు ఇక్కడే మొదలవుతుంది. బయట నేల ఎండి అంచులు దిగినా ఇదే ఆకారం వస్తుంది. స్లాబు కింద మురుగు పైపు కారి, మన్ను తడిసి నడుమ భాగం లేచినా ఇదే ఆకారం వస్తుంది. బీటలు కూడా రెండు సందర్భాల్లోనూ పైన వెడల్పుగా, కింద సన్నగా ఉంటాయి. కానీ డబ్బు లెక్క పూర్తిగా మారిపోతుంది. నేల కుంగడం మామూలు ఇంటి పాలసీల్లో మినహాయింపు. పైపు కారితే వచ్చే నష్టానికి కొందరు యజమానులు విడిగా కవరేజీ కొనుక్కుని ఉంటారు.

కాబట్టి ప్లంబరును పిలిపించి మురుగు లైనుకు గాలి బెలూను బిగించి నీళ్లు నింపిస్తారు. ఆ మట్టం దిగుతుందేమో కాచుకుంటారు. ఇంటి లోపలా బయటా మట్టిని తవ్వి తేమ పరీక్షకు పంపుతారు. బీట లోపలికి టార్చి వేసి చూస్తారు. అందులో పాత రంగు కనిపిస్తే, గోడకు చివరిసారి రంగు వేయకముందే ఆ బీట ఉందన్నమాట. అంచులు పదునుగా, శుభ్రంగా ఉంటే ఈ మధ్యదే కావచ్చు. టెక్సస్‌లో అమెరికన్ సివిల్ ఇంజినీర్ల సంఘం (ఏఎస్‌సీఈ) రాష్ట్ర శాఖ ఇళ్ల పునాదులకు మార్గదర్శకాలు ఇచ్చింది. వాటిలో స్లాబు వంపుకు పొడవులో 360వ వంతు, మొత్తం ఒరుగుడుకు ఒక శాతం అని హద్దులున్నాయి. పునాది ఎంత కదిలిందో అవి చెబుతాయి. ఎందుకు కదిలిందో మాత్రం ఇంజినీరే తేల్చాలి. నన్నడిగితే ఈ వృత్తి రుచంతా ఆ తేల్చడంలోనే ఉంది.

చిన్న ఇంటి బీట నుంచి పెద్ద విపత్తు దాకా పద్ధతి ఒక్కటే. 1981 జులై 17న కాన్సస్ సిటీ హయత్ రీజెన్సీ హోటల్లో వేలాడే నడకదారులు కూలి 114 మంది చనిపోయారు. మొదటి డిజైన్‌లో నాలుగో అంతస్తు నడకదారి, దాని కింద ఉన్న రెండో అంతస్తు నడకదారి రెండూ పైకప్పు నుంచి దిగే ఒకే ఊచకు విడివిడిగా బిగించి ఉంటాయి. తయారీ సౌకర్యం కోసం ఆ ఊచను రెండుగా చేశారు. కింది నడకదారిని పైదానికి తగిలించారు. దాంతో పై దూలం దగ్గరి నట్టు మీద బరువు రెట్టింపయింది. దర్యాప్తు చేసిన నేషనల్ బ్యూరో ఆఫ్ స్టాండర్డ్స్ మరో సంగతి కూడా బయటపెట్టింది. మార్చకుండా ఉంచినా ఆ అతుకు బలం నగర కోడ్ అడిగినదాంట్లో అరవై శాతమే. అందుకు బాధ్యులైన ఇంజినీర్లు మిస్సోరీలో లైసెన్సులు కోల్పోయారు.

ఆ బ్యూరోయే నేటి నిస్ట్. 2021 జూన్ 24 తెల్లవారుజామున ఫ్లోరిడాలోని సర్ఫ్‌సైడ్‌లో చాంప్లెయిన్ టవర్స్ సౌత్ కూలి 98 మంది చనిపోతే, ఆ దర్యాప్తు చేపట్టిందీ నిస్టే. శిథిలాల నుంచి కాంక్రీటు, ఇనుము ముక్కలను ఏరి, గోదాములో భద్రపరిచి, పరీక్షలు చేశారు. టవరు కంటే ముందు స్విమ్మింగ్ పూల్ పక్కనున్న డెక్ విఫలమైందని, అక్కడ స్లాబుకూ స్తంభాలకూ మధ్య అతుకులు మొదటి నుంచే బలహీనమని ఆ బృందం గుర్తించింది. ఆ దుర్ఘటన తర్వాత 2022లో ఫ్లోరిడా చట్టం మార్చింది. మూడంతస్తులు, అంతకు మించిన కాండో భవనాలకు పాతబడ్డాక నిర్మాణ తనిఖీ తప్పనిసరైంది. ఆ తనిఖీలకు ఇంజినీర్లు కావాలి. ఈ రంగంలో పనికి కొరత రాదనడానికి ఇది ఒక కారణం.

కనెటికట్ కథ వేరు. 1980ల నుంచి కట్టిన వేల ఇళ్ల పునాదుల్లో పిరోటైట్ అనే ఖనిజం ఉన్న కంకర పడింది. ఆ ఖనిజం నీరు, గాలి తగిలి రసాయనికంగా మారుతూ ఉబ్బుతుంది. కాంక్రీటు ఏళ్ల తరబడి నెమ్మదిగా పిండైపోతుంది. అక్కడ గోడను చూస్తే సరిపోదు, కోర్ తీసి ల్యాబులో రాయిని పరీక్షించాలి. భూగర్భ శాస్త్రం, మెటీరియల్స్ చదివినవాళ్లకూ ఇక్కడ చోటుందని అందుకే అంటున్నాను.

ఇక చేరాలనుకునేవాళ్లు ముందే ఆలోచించుకోవాల్సిన సంగతి ఒకటుంది. 2012లో శాండీ తుపాను న్యూయార్క్, న్యూజెర్సీ తీరాన్ని ముంచాక వరద బీమా క్లెయిముల మీద వేల ఇంజినీరింగ్ నివేదికలు వెలువడ్డాయి. లాంగ్ బీచ్‌లో ఒక ఇంటిని స్వయంగా చూసిన ఇంజినీరు వరదే ఇంటిని దెబ్బతీసిందని రాశాడు. ఆ ఇంటి ముఖం చూడని మరొకరు దాన్ని తిరగరాశారు. నష్టం ఎప్పటినుంచో ఉన్న కదలికల వల్లేనని మార్చారు. 2014లో ఫెడరల్ కోర్టు దీన్ని తప్పుపట్టింది. ఆ తర్వాత వరద బీమాను నడిపే ఫెడరల్ సంస్థ ఫెమా పాత క్లెయిములను తిరిగి పరిశీలించే అవకాశం కల్పించాల్సి వచ్చింది. డబ్బిచ్చేది ఎవరైనా సాక్ష్యం చెప్పిందే రాసే సంస్థలో చేరండి. ఇంటర్వ్యూలో ‘రివ్యూలో నా అభిప్రాయం మారిస్తే నాకు చెబుతారా, సంతకం ఎవరిది’ అని మీరే అడగండి. అడిగినందుకు ముఖం చిట్లించే చోట చేరకపోవడమే మేలు.

దారి విషయానికొస్తే, బీటెక్ సివిల్ తర్వాత స్ట్రక్చర్స్ లేదా మెటీరియల్స్‌లో ఎం.ఎస్. చేయడం మామూలు మార్గం. చదువుతుండగానే ఎన్‌సీఈఈఎస్ నిర్వహించే ఎఫ్ఈ (ఫండమెంటల్స్ ఆఫ్ ఇంజినీరింగ్) పరీక్ష రాసేయండి. ప్రశ్నలు 110, అన్నీ కంప్యూటర్ మీదే. ఆ తర్వాత లైసెన్సు పొందిన ఇంజినీరు కింద చాలా రాష్ట్రాల్లో నాలుగేళ్ల అనుభవం, పీఈ (ప్రొఫెషనల్ ఇంజినీర్) పరీక్ష. ఇల్లినాయిస్ లాంటి చోట స్ట్రక్చరల్ పనికి ఎస్ఈ (స్ట్రక్చరల్ ఇంజినీర్) లైసెన్సు వేరే ఉంది. మన డిగ్రీలకు సాధారణంగా క్రెడెన్షియల్ ఎవాల్యుయేషన్ అవసరమవుతుంది. జేఎన్‌టీయూ, ఉస్మానియా, ఆంధ్రా ఎక్కడ చదివినా మార్కుల పత్రాలు, సిలబస్ ప్రతులు విమానం ఎక్కకముందే సేకరించి పెట్టుకోండి. అమెరికాలో కూర్చుని వాటిని తెప్పించుకోవడం నరకం.

చదువు పూర్తవగానే నేరుగా ఫోరెన్సిక్స్‌లోకి దూకడం కన్నా రెండు మూడేళ్లు డిజైన్‌లోనో, సైట్లోనో పనిచేయమంటాను. భవనం ఎలా నిలబడుతుందో చేతికి తెలియనివాడికి అది ఎందుకు కూలిందో తెలియదు. విస్, జానీ, ఎల్‌స్ట్నర్ (డబ్ల్యూజేఈ), సింప్సన్ గంపర్ట్జ్ అండ్ హెగర్, థార్న్‌టన్ టొమాసెట్టి, వాల్టర్ పి. మూర్, ఎక్స్‌పోనెంట్ ఈ రంగంలో పేరున్న సంస్థలు. 2011 భూకంపం తర్వాత వాషింగ్టన్ మాన్యుమెంట్ పగుళ్లను తాళ్ల మీద వేలాడుతూ పరిశీలించింది డబ్ల్యూజేఈ ఇంజినీర్లే. రోజూ అలాంటి సాహసం ఉండదు. ఎండాకాలంలో అటకలెక్కడం, ఇంటి కింద పాకుతూ పోవడం, తుపాను సీజనులో వారాల తరబడి ఊళ్లు తిరగడం మాత్రం ఉంటాయి. కారు నడపడం రావాలి. డ్రోన్ ఎగరేసేందుకు ఎఫ్ఏఏ పార్ట్ 107 సర్టిఫికెట్ ఉంటే పనికొస్తుంది.

జీతం ఐటీతో పోటీపడదు. అమెరికా కార్మిక గణాంకాల ప్రకారం 2023 మేలో సివిల్ ఇంజినీర్ల మధ్యస్థ వార్షిక వేతనం 95,890 డాలర్లు. లైసెన్సు వచ్చాక, కోర్టులో నిపుణుడిగా నిలబడగలిగాక ఎదుగుదల వేరుగా ఉంటుంది. వీసా సంగతికొస్తే, చదువు తర్వాత పని అనుమతి ఓపీటీ 12 నెలలకు తోడు స్టెమ్ పొడిగింపు 24 నెలలు సివిల్‌కు వర్తిస్తుంది. అయితే కంపెనీ ఈ-వెరిఫైలో ఉండాలి. నిస్ట్, రవాణా ప్రమాదాలను దర్యాప్తు చేసే ఎన్‌టీఎస్‌బీ వంటి ఫెడరల్ సంస్థల్లో శాశ్వత ఉద్యోగాలు సాధారణంగా పౌరులకే. అందుకని ప్రైవేటు సంస్థల మీదే గురిపెట్టండి.

మనవాళ్లు ఎక్కువగా నిర్లక్ష్యం చేసేది రాతను. 1999లో సుప్రీంకోర్టు ఇచ్చిన కుమ్హో టైర్ తీర్పు నుంచి ఇంజినీరు సాక్ష్యం కూడా నమ్మదగిన పద్ధతి మీద నిలబడిందా లేదా అని ఫెడరల్ న్యాయమూర్తి ముందే తూచి చూస్తారు. విచారణకు ముందు ప్రమాణం చేయించి సాక్ష్యం తీసుకునే డిపోజిషన్‌లో అవతలి లాయరు మీ నివేదికలో ఒక్కో వాక్యాన్ని పట్టుకుని గుచ్చి గుచ్చి అడుగుతాడు. డిజైన్ సాఫ్ట్‌వేర్ ఈటాబ్స్ ఎంత బాగా వచ్చినా అక్కడ ఆదుకోదు. అందుకే ఈ సెమిస్టర్‌లోనే ఒక పని చేయండి. క్యాంపస్ పార్కింగ్ గ్యారేజీలో చెమ్మ చారలున్న స్తంభం ఒకటి ఎంచుకోండి. ఫొటోలు తీసి, కొలతలు రాసి రెండు పేజీల నివేదిక తయారుచేయండి. చూసింది ఒకచోట, కొలిచింది ఒకచోట, అనుమానించి కొట్టేసిన కారణాలు ఇంకోచోట, చివర్న మీ అభిప్రాయం. దాన్ని ప్రొఫెసర్‌తో దిద్దించుకుని రెజ్యూమెకు జతచేసి పంపండి.