కరపత్రం చాలదు తల్లీ

అమలాపురం

బుజ్జమ్మా,

కేన్సరు వైద్యం ముగించుకున్నవాళ్ళకి వ్యాయామాల బొమ్మలతో కరపత్రం ఇచ్చి పంపుతున్నా ఒక్కరూ చెయ్యడం లేదని రాశావు. కాగితం చూసి ఎవరు చేస్తారు తల్లీ! 2025లో వెలువడిన ఛాలెంజ్ పరిశోధన నువ్వూ చదివే ఉంటావు. పెద్దపేగు కేన్సరుకి ఆపరేషనూ కీమో అయిన 889 మందిలో సగం మందికి సలహాల పుస్తకాలిచ్చారు. మిగతా సగం మందికి మూడేళ్ళపాటు వెంట ఉండి చేయించే మనిషినిచ్చారు. అయిదేళ్ళ తర్వాత జబ్బు లేకుండా ఉన్నవాళ్ళు పుస్తకాలవాళ్ళలో నూటికి 74, మనిషి తోడున్నవాళ్ళలో 80.

ఆ మనిషివి నువ్వు కాలేవు. ఇక్కడివాళ్ళు రావులపాలెం మీదుగా బస్సుల్లో రాజమండ్రి ఆస్పత్రికి నీ దగ్గరికి రావాలంటే ఆ రోజు కూలి పోయినట్టే. డ్వాక్రా సంఘం ఎలాగూ ఊళ్ళోనే కూర్చుంటుంది. పొదుపు డబ్బులు లెక్కపెట్టి పుస్తకాల్లో రాసుకున్నాక ఓ అరగంట అడుగు. కొత్త సంఘం మాత్రం పెట్టకు. కేన్సరువాళ్ళ గుంపంటే ఎవరూ గడప దాటరు, ఇంట్లో పెళ్ళికెదిగిన పిల్లలుంటారు. మోకాళ్ళ నొప్పులవాళ్ళూ షుగరువాళ్ళూ కలిసి చేస్తుంటే ఎవరికేం జబ్బని ఎవరూ ఆరా తియ్యరు.

రొమ్ము ఆపరేషనైనవాళ్ళ సంగతి ముందు చూడు. నేను ఏఎన్ఎంగా తిరిగిన రోజుల్లో "ఆ చేత్తో బిందె ముట్టుకోకు" అని ఇంటిల్లిపాదీ కాపలా కాసేవాళ్ళు, ప్రేమకొద్దీనే. చివరికి భుజం బిగిసిపోయి జాకెట్టు తొడుక్కోడానికి కూడా ఇంకొకరు కావలసొచ్చేది. 2009లో అమెరికాలో కాథరిన్ ష్మిట్జ్ బృందం చెయ్యి వాచిన 141 మందిని తీసుకుని, సగం మందిచేత బిగుతు తొడుగు వేయించి, కొద్దికొద్దిగా పెంచుతూ బరువులెత్తించింది. వాళ్ళకి వాపు ఎత్తనివాళ్ళకంటే ఎక్కువేమీ పెరగలేదు, జబ్బు ముదరడం మాత్రం ఎత్తనివాళ్ళలోనే ఎక్కువ. అదీ ఆస్పత్రిలో కాదు, వైఎంసీఏ లాంటి మామూలు వ్యాయామశాలల్లో.

బిగిసిన భుజం కదలడానికి మనకి గోడ చాలు. ఎదురుగా నిలబెట్టి వేళ్ళు మెల్లగా పైకి పాకించు. అందినచోట సుద్దముక్కతో గీత గీయించు. పై వారం ఆ గీత దాటిందా లేదా అన్నది పక్కావిడే పట్టుకుంటుంది.

మగవాళ్ళకి వేరే దారి వెతకాలి. రాజమండ్రిలో ఉన్నవాళ్ళకైతే అక్కడి ఆర్ట్స్ కాలేజీ గ్రౌండులో తెల్లారగట్ల నడిచేవాళ్ళని అడుగు. ఒక్కొక్కరూ ఒక్కరిని వెంటబెట్టుకున్నా మేలే.

చెయ్యి ఎర్రబడినా, జ్వరమొచ్చినా, ఎముకల్లో కొత్తగా నొప్పి పుట్టినా వ్యాయామం ఆపి డాక్టరు దగ్గరికి పంపాలని డ్వాక్రా సంఘం నడిపే యానిమేటరుకి గట్టిగా చెప్పాలి. ఆవిడతో నేను మాట్లాడతాను. ఎవరెవరు ఏమేం చెయ్యకూడదో మీ సర్జన్ గారిచేత రాయించుకుని, వచ్చే మీటింగుకి నువ్వే రా.

ఆశీస్సులతో,
పెద్దమ్మ